ముదిరితే తిట్టు, పండితే మెప్పు

బజారులో బెండకాయ కొనేవాళ్లు ముందు దాని కొన విరిచి చూస్తారు. టక్కున విరిగితే లేత, వంగి పీచు సాగితే ముదురు. బెండకాయ ముదిరినా బ్రహ్మచారి ముదిరినా పనికిరారని సామెత.

నిజానికి ముదరడమంటే వయసు నిండి గట్టిపడడం, అంతే. ముదిమి, ముదుసలి దాని చుట్టాలు. తమిళంలోని 'ముదిర్' కూడా చుట్టమే. కానీ మన వాడుకలో ముదిరేవి జబ్బు, గొడవ, పిచ్చి. ఆరోగ్యం ముదిరిందని ఎవరూ అనగా వినలేదు. కుర్రాణ్ణి 'ముదురు' అంటే తెలివిని ఒప్పుకుంటూనే జేబు తడిమి చూసుకుంటున్నట్టు.

ఈ చెడ్డపేరు కూర వండేవాళ్లు తెచ్చిపెట్టిందేమో. విత్తనాలు దాచే రైతుకు అదే బెండకాయ చెట్టునే ముదిరి ఎండాలి. నీళ్లకు లేత బొండం, పచ్చడికి ముదురు కొబ్బరి. ఎవరికి ఏం కావాలన్నదాన్ని బట్టి మాట విలువ మారుతుంది.

పండడానికి ఈ చిక్కు లేదు. పొలం పండితే పంట. గోరింటాకు పండుతుంది, నోము పండుతుంది. అనుభవమున్నవాణ్ణి తలపండినవాడంటాం, అక్కడ పండింది జుట్టు, మెప్పు బుద్ధికి. పాపం కూడా పండుతుంది కదా అంటారా? ఫలం చేతికొచ్చిందనే అక్కడా అర్థం.

పత్రికలవాళ్లకు ఇవేవీ చాలక 'పరిపక్వత' అంటారు. సంస్కృతంలో 'పచ్' ధాతువుకు వండడం, పండడం రెండూ అర్థాలే. పాకం, పచనం, పక్వం అందులోంచి వచ్చినవే. కాబట్టి నాయకుడికి పరిపక్వత లేదంటే ఇంకా పచ్చిగా ఉన్నాడనే. బెల్లప్పాకం పట్టినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది.

ఇళ్లలో మాత్రం పరిపక్వత వినపడదు. అక్కడ 'మెచ్యూరిటీ' రాజ్యం. పాలసీ మెచ్యూర్ అయితే డబ్బులొస్తాయి. పాతికేళ్ల కొడుక్కి మెచ్యూరిటీ లేదంటే బుద్ధి ఎదగలేదని. కూతురు మెచ్యూర్ అయిందంటే మాత్రం ఒంటి సంగతి. దానికి ఈడేరడం, సమర్తాడడం, పెద్దమనిషి కావడం మనకు ఉండనే ఉన్నాయి. పన్నెండేళ్ల పిల్ల పెద్దమనిషి అయిందంటూ ఊరందరికీ భోజనాలు పెడతారు. మర్నాడు ఆ పిల్ల ఏదైనా చెప్పబోతే, "చిన్నపిల్లవి, నీకేం తెలుసు, ఊరుకో" అంటారు.