భయాన్ని పంచుకునే చిరుచేప: ఐరోపా మిన్నో

మత్స్యశాస్త్రంలో ఒక చేపకు లభించే ప్రాధాన్యం సాధారణంగా దాని ఆహార విలువను బట్టి, విపణిలో దాని ధరను బట్టి నిర్ణయమవుతుంది. ఆ కొలమానంతో చూస్తే ఐరోపా మిన్నోకు చోటే దొరకదు. వేలెడంత పొడవుండే ఈ చేపను పట్టి అమ్ముకొని జీవించేవారు అరుదు. అయినా చేపల వినికిడి, కాంతి గ్రహణం, ప్రమాద సంకేతాలు, గుంపు ప్రవర్తన వంటి అంశాలలో నేడు పాఠ్యపుస్తకాలలో కనిపించే విషయాలలో అనేకం మొదట ఈ చేపపైనే రుజువయ్యాయి. ఈ చేపను స్వస్థానం నుంచి తరలించినప్పుడు కలిగిన నష్టం కూడా అంతే విలువైన పాఠం.

స్వరూపం, ఆవాసం

1758లో లిన్నేయస్ ఈ చేపను కార్పు చేపల ప్రజాతిలో చేర్చి వర్ణించాడు. తరువాత దీనికి ఫాక్సినస్ ఫాక్సినస్ అనే శాస్త్రీయ నామం స్థిరపడింది. సాధారణంగా 6 నుంచి 10 సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది. శరీరం గుండ్రంగా, పొలుసులు మిక్కిలి చిన్నవిగా ఉంటాయి. పక్కల వెంట నల్లని మచ్చలు వరుసగా కనిపిస్తాయి. ఆక్సిజన్ సమృద్ధిగా ఉండే చల్లని, తేటనైన ప్రవాహాలు, గులకరాళ్ల అడుగు గల వాగులు, సరస్సుల ఒడ్లు దీని ఆవాసాలు. కీటకాల లార్వాలు, చిన్న క్రస్టేషియన్లు, నాచు దీని ఆహారం. ట్రౌట్, పైక్, పెర్చ్ వంటి చేపలకు, నీటిపక్షులకు ఇదే ఆహారమవుతుంది.

వసంతం చివర, వేసవి ఆరంభంలో మిన్నోలు గుంపులుగా గులకరాళ్లున్న లోతు తక్కువ ప్రవాహాలకు చేరి గుడ్లు పెడతాయి. ఆ కాలంలో మగచేప పొట్ట ఎర్రబారుతుంది, గొంతు నల్లబడుతుంది, తలపై చిన్న తెల్లని బుడిపెలు ఏర్పడతాయి. గుడ్లు రాళ్ల సందులలో అంటుకొని పొదగబడతాయి. అందువల్ల ఒండ్రు పేరుకొని రాళ్ల సందులు పూడుకుపోయిన చోట వీటి ప్రజననం కుంటుపడుతుంది.

పరిశోధనశాలలో మిన్నో

తేనెటీగల నృత్యభాషను వివరించి 1973లో నోబెల్ బహుమతి పంచుకున్న కార్ల్ ఫాన్ ఫ్రిష్ తన తొలి పరిశోధనలలో కొన్నింటిని మిన్నోలపైనే చేశాడు. చూపు తొలగించిన మిన్నోల తలపై కాంతి పడినప్పుడు వాటి శరీరవర్ణం మారుతుందని 1911లో వెల్లడించాడు. పీనియల్ గ్రంథిని తొలగించిన తరువాత కూడా ఈ స్పందన ఆగలేదు. మెదడు లోపలి భాగాలలోనూ కాంతిని గ్రహించే కణాలున్నాయనే భావనకు ఇది నాంది అయింది.

చేపలు చెవిటివన్న అభిప్రాయం ఆ కాలంలో బలంగా ఉండేది. ధ్వని వినగానే ఆహారం కోసం వచ్చేటట్లు చేపలకు శిక్షణనిచ్చి, ఫ్రిష్, ఆయన శిష్యులు ఆ అభిప్రాయాన్ని తొలగించారు. ఆ ప్రయోగాలలో మిన్నోది ముఖ్యపాత్ర. దీని వినికిడికి మూలం గాలితిత్తిని లోపలి చెవితో కలిపే చిన్న ఎముకల గొలుసు. 1820లో వెబర్ వర్ణించిన ఈ నిర్మాణం తెలుగు ప్రాంతాల చెరువులలో పెంచే బొచ్చె, శీలావతి చేపలలోనూ ఉంది.

గాయపడిన చర్మం, చెదిరిన గుంపు

ఆస్ట్రియాలోని వోల్ఫ్‌గాంగ్ సరస్సు ఒడ్డున ఫ్రిష్ మిన్నో గుంపుకు ఆహారం వేసి మచ్చిక చేసుకున్నాడు. ఒక చేపను గుర్తించడానికి దాని తోకవైపు నాడిని కోసి తిరిగి నీటిలో వదిలాడు. ఆ చేప గుంపులోకి చేరగానే మిగిలినవి బెదిరి చెల్లాచెదురయ్యాయి. కారణాన్ని అన్వేషించిన ఫ్రిష్, గాయపడిన చర్మం నుంచి నీటిలోకి విడుదలయ్యే రసాయనాన్ని ఇతర చేపలు వాసన ద్వారా గ్రహిస్తాయని తేల్చి, 1938లో ప్రకటించాడు. ఆ రసాయనాన్ని ‘భయపదార్థం’ అన్నాడు.

ఈ పదార్థం బాహ్యచర్మంలోని ప్రత్యేక కణాలలో ఉంటుంది. ఆ కణాలకు చర్మం పైకి తెరుచుకునే ద్వారం లేదు. చర్మం చిరిగినప్పుడు మాత్రమే అది బయటపడుతుంది. కాబట్టి చేప తన ఇష్టానుసారం పంపే సంకేతం కాదిది. ఇక్కడే పరిణామశాస్త్రం ముందు ఒక చిక్కుముడి నిలిచింది. శత్రువు నోట పడిన చేపకు తోటి చేపలను హెచ్చరించడం వల్ల ఏ ప్రయోజనం? ఈ కణాలు మొదట పరాన్నజీవుల నుంచి, సూక్ష్మజీవుల నుంచి చర్మాన్ని రక్షించడానికి ఏర్పడి ఉండవచ్చునని, హెచ్చరిక కేవలం ఉపఫలమని కొందరి వాదన. అన్ మగురన్ తదితరులు 1996లో స్వేచ్ఛాజలాలలోని మిన్నోలను పరిశీలించి, తొట్టెలలో కనిపించిన భయస్పందన సహజస్థితిలో అదే విధంగా కనిపించడం లేదని ప్రశ్న లేవనెత్తారు. పరిశోధనశాల ఫలితాన్ని క్షేత్రంలో సరిచూడనిదే తుది నిర్ణయంగా స్వీకరించరాదని విద్యార్థులకు ఈ వివాదం గుర్తుచేస్తుంది.

వాగును బట్టి నేర్పు

మిన్నో పుట్టుకతోనే కొంత జాగ్రత్త గలది, మిగిలినది నేర్చుకుంటుంది. శత్రువు వాసన, భయపదార్థం ఒకేసారి తగిలితే, తరువాత ఆ వాసన ఒక్కటే తగిలినా అప్రమత్తమవుతుందని మగురన్ ప్రయోగాలు తెలిపాయి. పైక్ చేపలున్న డోర్సెట్ నది నుంచి, పైక్ లేని వేల్స్‌లోని గ్విన్నెడ్ జలాల నుంచి వచ్చిన మిన్నోలను పోల్చినప్పుడు మరో విషయం తేలింది. గుడ్ల దశ నుంచి శత్రువు లేకుండా పెంచినప్పటికీ, పైక్ ఉన్న నదికి చెందిన సంతతి ఆత్మరక్షణలో ఎక్కువ నేర్పు చూపింది. చిన్ననాటి అనుభవం ఆ నేర్పును మరింత పదును పెట్టింది. ఒక వాగులోని మిన్నో ఆ వాగు చరిత్రను తన ప్రవర్తనలో మోస్తుందన్నమాట.

స్థానం తప్పిన మిన్నో

ఈ చేపను అందుకు భిన్నంగా మనిషి ఎక్కడికైనా మోసుకుపోదగిన వస్తువుగా చూశాడు. నార్వేలో ట్రౌట్ వేటగాళ్లు మిన్నోను సజీవ ఎరగా పర్వత సరస్సులకు తీసుకువెళ్లారు. మిగిలిన ఎరను అక్కడే వదిలారు. ట్రౌట్ పిల్లలతో కలిసిపోయి కూడా కొన్ని సరస్సులకు చేరింది. యోతున్‌హైమెన్ ప్రాంతంలోని ఓవ్రే హైమ్‌డాల్స్‌వాట్న్ సరస్సులో మిన్నో మొదటిసారి 1969లో కనిపించింది. ట్రౌట్ మాత్రమే ఉన్న ఆ సరస్సులో మిన్నో వేగంగా వృద్ధి చెంది, ట్రౌట్‌కు ప్రధానాహారమైన క్రస్టేషియన్లకు పోటీదారైంది. చిన్న ట్రౌట్ల సంఖ్య తగ్గింది. ట్రౌట్ దిగుబడి పెంచుకోవాలనుకున్న వేటగాడి ఎరే చివరకు ఆ దిగుబడిని దెబ్బతీసింది. నార్వేలో సజీవ చేపను ఎరగా వాడటం నేడు నిషిద్ధం.

పిరెనీస్ పర్వతాలలో నష్టం మరో రూపంలో కనిపించింది. అక్కడి ఎత్తైన సరస్సులలో సహజంగా చేపలే ఉండేవి కావు. కప్పలు, న్యూట్లు, నీటి కీటకాలు వాటిలో వృద్ధి చెందేవి. ట్రౌట్‌తోపాటు ఎరగా వచ్చిన మిన్నో వాటిని హరించింది. 2014లో ఆరంభమైన లిమ్నోపిరినియస్ పథకం కింద కొన్ని సరస్సులలో వలలతో, విద్యుత్తుతో చేపలను పట్టి తొలగించవలసి వచ్చింది. గుప్పెడు చేపలను వదలడానికి నిమిషం చాలింది. తొలగించడానికి సంవత్సరాల శ్రమ పట్టింది.

వర్గీకరణలోని మార్పులు ఈ సమస్యను మరింత లోతుగా చూపాయి. ఐరోపా అంతటా ఒకే జాతి అనుకున్న మిన్నో నిజానికి అనేక జాతుల సముదాయం. 2007లో మోరిస్ కొట్టెలా దక్షిణ ఫ్రాన్స్, గ్రీస్ ప్రాంతాల నుంచి మూడు కొత్త జాతులను వర్ణించాడు. జన్యు పరిశోధనలు ఆ విభజనను మరింత విస్తరింపజేశాయి. అందువల్ల ఒక నది మిన్నోను మరో నదిలో వదలడమంటే, ఇంకా పేరైనా పెట్టని స్థానిక జాతితో దానిని సంకరం చేయడం కావచ్చు.

విస్తరణ శాస్త్రవేత్తలకు ఇందులో ఒక ఆచరణాత్మక సూచన ఉంది. జలాశయంలోకి చేపపిల్లలను వదిలేముందు సంఖ్యను, పరిమాణాన్ని లెక్కించడంతో సరిపోదు. వాటితో కలిసి వచ్చిన ఇతర చిరుచేపలను వేరు చేయాలి, అవి ఏ నీటి నుంచి వచ్చాయో తెలుసుకోవాలి. మిగిలిన సజీవ ఎరను నీటిలో పారబోయరాదని వేటగాళ్లకు నచ్చజెప్పాలి. నార్వే పర్వత సరస్సులలో లోపించినది ఈ చిన్న జాగ్రత్తే.