బార్లీ: యూరియా తగ్గితే మాల్టు రకానికి మేలు
జీవన ఎరువులతో ఆదా కొంతే, లాభమంతా నాణ్యతలోనే

బార్లీ సరుకుకు రెండు గిరాకీలున్నాయి. ఒకటి పశువుల దాణా, రెండవది మాల్టు. దాణాకు బరువు ఉంటే చాలు. మాల్టు ఫ్యాక్టరీలు మాత్రం గింజ లావు, మొలక శాతం, మాంసకృత్తుల శాతం చూసి గాని సరుకు దించుకోవు. మాంసకృత్తులు 9 నుంచి 11 శాతం వరకు ఉన్న సరుకునే అవి ఎక్కువగా కోరుతాయి.

ఈ శాతానికీ, పొలంలో వేసే నత్రజనికీ దగ్గర సంబంధముంది. గింజలోని నత్రజనిని 6.25తో హెచ్చిస్తే మాంసకృత్తుల లెక్క వస్తుంది. అంటే నత్రజని 1.6 శాతముంటే మాంసకృత్తులు 10 శాతం. యూరియా ఎక్కువై, అందులోనూ ఆలస్యంగా వేస్తే ఈ శాతం పెరిగి పిండి పదార్థం తగ్గుతుంది. మాల్టు నుంచి దిగే సారం తగ్గుతుంది, బీరు మసకబారుతుంది. చేను ఏపుగా పెరిగి పడిపోతే గింజ సన్నబడుతుంది. అటువంటి సరుకు చివరకు దాణా ధరకే పోతుంది.

ఈ కారణంగానే జీవన ఎరువుల ప్రస్తావన వస్తున్నది. బార్లీ వేళ్లపై పప్పుజాతి పైర్ల వలె నత్రజని బుడిపెలు ఏర్పడవు. కనుక రైజోబియం దీనికి పనికిరాదు. నేలలో స్వేచ్ఛగా ఉండే అజటోబాక్టర్, వేళ్లను ఆశ్రయించి ఉండే అజోస్పైరిల్లం వాడతారు. ఇవి గాలిలోని నత్రజనిని కొంత పట్టి ఇవ్వడమే గాక వేళ్ల పెరుగుదలకు తోడ్పడతాయి. దానితో వేసిన ఎరువు వృథా కాకుండా పైరుకు అందుతుంది. బార్లీకి ముందు పెసర, గోరుచిక్కుడు వంటి పైరు వేయడం మరొక మార్గం.

అయితే ఇవి యూరియాకు పూర్తి బదులు కావు. నీటి వసతి గల బార్లీకి హెక్టారుకు సుమారు 60 కిలోల నత్రజని సిఫారసు ఉన్నది. నేల, వాతావరణం అనుకూలిస్తే జీవన ఎరువుల వల్ల అందులో 20 కిలోల వరకు ఆదా కావచ్చు. యూరియాలో నత్రజని 46 శాతం కనుక, ఇది 45 కిలోల బస్తా ఒక్కటితో సమానం. సబ్సిడీ ధరలో ఆ బస్తా 266 రూపాయల 50 పైసలు. ఇంత చిన్న ఆదా కోసం రైతు పద్ధతి మార్చుకోడు. మాల్టు సరుకుకు దక్కే అధిక ధరే అతనికి ఆకర్షణ.

ఉదాహరణకు, హెక్టారుకు 40 క్వింటాళ్లు పండి, క్వింటాలుకు 50 రూపాయలు ఎక్కువ వస్తే లాభం 2,000 రూపాయలు. కాని నత్రజని మరీ తగ్గించి దిగుబడి 2 క్వింటాళ్లు పడిపోతే, 2025-26 రబీ మార్కెటింగ్ సీజను మద్దతు ధర 1,980 రూపాయల లెక్కన నష్టం 3,960 రూపాయలు. మాంసకృత్తులు మరీ తగ్గినా మాల్టులో ఎంజైములు చాలవు. అందుచేత యూరియా మానడం కాదు, కొలత తప్పకుండా తగ్గించడమే కిటుకు.

ఎరువుల వర్తకులు గమనించవలసినది మరొకటి ఉన్నది. పొడి రూపంలోని జీవన ఎరువులో గ్రాముకు కనీసం 5 కోట్ల సజీవ సూక్ష్మజీవులు ఉండాలని ఎరువుల నియంత్రణ ఉత్తర్వు నిర్దేశిస్తున్నది. 2006లో ఇవి ఆ ఉత్తర్వు పరిధిలోకి వచ్చాయి. ఎండ తగిలే కొట్టులో నిల్వ ఉంచిన ప్యాకెట్టులో సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. గడువు తేదీ చూడాలి. విత్తనానికి బెల్లం నీటితో పట్టించి నీడన ఆరబెట్టి వెంటనే విత్తాలి.

బార్లీ ఉత్పత్తిలో రాజస్థాన్ ముందున్నది. నవంబరులో విత్తిన పైరు మార్చి, ఏప్రిల్ నెలల్లో యార్డులకు చేరుతుంది. సంగారెడ్డి ప్రాంతపు బీరు ఫ్యాక్టరీల ద్వారా తెలుగు ప్రాంతానికీ మాల్టుతో సంబంధముంది. కొత్త రాబడుల సమయంలో బస్తాల సంఖ్యతో తృప్తిపడక, నమూనా తీసి మాంసకృత్తుల పరీక్ష చేయించిన వర్తకునికే సరుకు ఏ ధరకు చెల్లుతుందో ముందుగా తెలుస్తుంది.