మీకు తెలుసా? మట్టి మెరిసే దారి

నాయుడుపేట నుంచి గూడూరు మీదుగా సైదాపురం వైపు వెళ్లండి. నిమ్మతోటలు దాటాక, చిల్లచెట్ల మధ్య కాలిబాటల్లో మట్టి తళతళలాడుతుంది. మనం కాకిబంగారం అనే అభ్రకం (మైకా) అది. ఎండాకాలం నీడ దొరకని ఆ బాటల చివర పాడుబడిన మైకా గనులున్నాయి.

● 19వ శతాబ్దం చివరికే ఇక్కడ తవ్వకాలు సాగుతున్నాయి. గూడూరు, రాపూరు, ఆత్మకూరు, కావలి ప్రాంతాలన్నింటా అభ్రకం దొరికినా, ఎక్కువ పండింది రాపూరు వైపే.

● ఇనుకుర్తి గనిలో బయటపడ్డ ఒక్క అభ్రకం దిమ్మె సుమారు 10 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు! ప్రపంచంలోని అతి పెద్ద స్ఫటికాల జాబితాల్లో దానికి చోటుంది. మన నెల్లూరు జిల్లా పిల్లల్లో ఎందరికి ఈ సంగతి చెప్పాం?

● అభ్రకం వేడికి తట్టుకుంటుంది, కరెంటును పోనివ్వదు. అందుకే రెండో ప్రపంచ యుద్ధంలో రేడియో కెపాసిటర్లకు, విమానాల స్పార్క్ ప్లగ్గులకు అది తప్పనిసరైంది. భారత అభ్రకం కొనుగోలుకే బ్రిటన్, అమెరికా కలిసి 1942లో ఉమ్మడి మిషన్ పెట్టాయి. జార్ఖండ్‌లోని కోడెర్మా సరుకు ఎర్రఛాయ, నెల్లూరుది ఆకుపచ్చ ఛాయ.

● ఆ సరుకు యంత్రాలతో తయారైంది కాదు. పలకను కత్తిమొనతో వెంట్రుక కన్నా పలుచని పొరలుగా విడదీసినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. గని లోపల రాయి తొలిచినవాళ్లకు పలుగురాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరేది. ఎగుమతయ్యే అభ్రకంపై సుంకం వేసి, ఆ డబ్బును కార్మికుల సంక్షేమానికి వాడాలని 1946లో చట్టం వచ్చింది. ఆ నిధితోనే కలిచేడులో ఆసుపత్రి నడిచింది. గనుల చరిత్రలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఈ మనుషుల కథే.

● తర్వాత అభ్రకం స్థానంలో ప్లాస్టిక్ వచ్చింది. తుక్కు అభ్రకంతోనే మైకా కాగితం చేయడం నేర్చారు. పెద్ద పలకలకు గిరాకీ పడిపోయి, చాలా గనులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి.

● అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌లో 1803లో మొదలైన రగల్స్ అభ్రకం గని, తవ్వకాలు ఆగాక సందర్శన స్థలమైంది. అలాగే మన గనుల్లో ఒక్కదానికైనా కంచె, దారి, చరిత్ర చెప్పే బోర్డు పెట్టాలి. అంతవరకు గనుల అంచులకు వెళ్లకండి: ముళ్లపొదలు గోతుల్ని కప్పేస్తాయి, వానకు గట్లు విరుగుతాయి, నిలిచిన నీటి లోతు పైకి తెలియదు.