పల్నాటి కొణతాలు: ఆయుధాల ప్రాచీనతను నిర్ధారించే ప్రమాణాలు

కీలకపదాలు: కొణతం, వీరారాధన, ఖడ్గం, ప్రాచీనత, వస్తుసంస్కృతి

1. ప్రవేశిక

గిరిజన ఖడ్గాలనీ, వీరుల కత్తులనీ చెప్పి అమ్మే వస్తువులలో పాతవాటితో పాటు పర్యాటకుల కోసం ఇటీవల చేసినవీ ఉంటాయి. వీటిని వేరుచేయకుండా వర్ణిస్తే, ఆ వర్ణనపై ఆధారపడే పరిశోధన కూడా దెబ్బతింటుంది. రెంటచింతల, గురజాల, మాచర్ల, కారంపూడి ప్రాంతాలతో కూడిన పల్నాడులో ఈ సమస్యకు మరో పార్శ్వముంది. ఇక్కడ ఆయుధం పూజావస్తువు కూడా.

2. ఆరాధనలోని ఆయుధం

12వ శతాబ్ది నాటి పల్నాటి యుద్ధ వీరుల స్మృతిగా కారంపూడిలో ఏటా కార్తిక అమావాస్య మొదలు ఐదు రోజులు ఉత్సవాలు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అనేవి ఆ రోజుల పేర్లు. వీరాచారవంతులు వీరుల ఆయుధాలుగా భావించే కొణతాలను నాగులేరులో శుభ్రపరచి పూజిస్తారు. ఏటేటా నీరు, పసుపు కుంకుమలు తగిలే లోహం క్రమంగా తరుగుతుంది. అటువంటి వస్తువును బాగుచేయించడం, శిథిలమైనప్పుడు మార్చడం ఆరాధనలో అసహజం కాదు.

3. పరిశీలనాంశాలు

తుప్పును మాత్రమే చూసి వయసు నిర్ణయించడం ప్రమాదకరం. వేసవి తీవ్రతకు పేరుపడ్డ రెంటచింతల వంటి పొడి ప్రదేశంలో భద్రపరచిన కత్తి, తీరప్రాంతపు తేమలో ఉన్న అదే వయసు కత్తికంటే తక్కువ తుప్పు పట్టవచ్చు. పైగా ఉప్పునీటితోనో ఆమ్లంతోనో తుప్పును కొద్దిరోజులలోనే తెప్పించవచ్చు.

తయారీ విధానం మరింత నమ్మదగిన ఆధారం. కమ్మరి కొలిమిలో సాగగొట్టిన కత్తి సాధారణంగా పిడి దగ్గర మందంగా ఉండి మొనవైపు పలుచబడుతుంది. యంత్రంపై తయారైన రేకు నుంచి కోసిన కత్తి మందం చివరిదాకా దాదాపు ఒకటిగానే ఉంటుంది. పాత భారతీయ ఖడ్గాలలో చాలావాటికి, పిడిలోకి దిగే భాగాన్ని లక్క వంటి జిగురుతో బిగించేవారు. విద్యుత్ వెల్డింగు జాడ కనిపిస్తే ఆ అతుకైనా ఆధునికమే. మోటారు వాహనపు స్ప్రింగు పట్టీతో చేసిన కత్తి 20వ శతాబ్దికి ముందుది కాజాలదు.

నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రం మేలిరకపు ఉక్కుకు ప్రసిద్ధి. అటువంటి ఉక్కులోని నీటి అలల వంటి చారలు లోహంలోనే ఉంటాయి. సానపట్టినప్పుడు మరుగైనా, తగిన ఆమ్లం పూస్తే మళ్లీ బయటపడతాయి. పైపైన గీసిన అనుకరణ సానతో పోతుంది. అయితే ఇటువంటి పరీక్ష వస్తువుకు హాని చేస్తుంది కనుక క్షేత్రంలో చేయదగదు.

4. రెండు ప్రశ్నలు

పాత కత్తికి కొత్త పిడి ఉండవచ్చు. కాబట్టి ప్రతి భాగాన్నీ విడిగా పరిశీలించాలి. ‘ఈ లోహం ఎప్పటిది?’, ‘ఈ వస్తువు ఆరాధనలో ఎప్పటినుంచి ఉంది?’ అనేవి వేర్వేరు ప్రశ్నలు. మొదటిదానికి తయారీ జాడలు, రెండవదానికి వంశపారంపర్య కథనాలు, పూజావిధానం ఆధారాలవుతాయి. కొత్త లోహంతో చేసినా, సంప్రదాయానుసారం పాతదాని స్థానంలో నిలిచిన కొణతం నకిలీ కాదు. కొత్తదై ఉండి పాతదిగా అమ్ముడయ్యేదే నకిలీ.

5. ముగింపు

పొరపాటు రెండువైపులా నష్టమే. కొత్తదాన్ని పాతదంటే చరిత్ర వక్రమవుతుంది. పాతదాన్ని కొత్తదంటే రక్షణ పొందవలసిన వస్తువు ఊరు దాటిపోతుంది. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం సాధారణంగా నూరేళ్లకు తగ్గని వస్తువులను పురావస్తువులుగా గుర్తిస్తూ వాటి ఎగుమతిని నియంత్రిస్తుంది. అందుచేత పరిశోధకులు కొలతలు, మందం, అతుకులు, మరమ్మతులతో పాటు ఆ ఆయుధాన్ని కాపాడుతున్నవారి మాటనూ నమోదు చేయాలి. ఆ మాటను లోహపు వయసుకు రుజువుగా గాక, వస్తువు సాంస్కృతిక జీవితానికి సాక్ష్యంగా స్వీకరించాలి.