పార్కిన్‌సన్స్ వ్యాధిగ్రస్తుల రక్తకణాలలో ఎంజైముల క్రియాశీలత: విశాఖపట్నం నేపథ్యం

పార్కిన్‌సన్స్ వ్యాధిలో ప్రధానంగా క్షీణించేవి మధ్యమెదడులో నల్లని వర్ణకం కలిగిన డోపమైన్ నాడీకణాలు. జీవించి ఉన్న రోగి నుండి వాటిని సేకరించి పరీక్షించడం ఆచరణలో సాధ్యం కాదు గనుక పరిశోధకులు రక్తకణాలను ఆశ్రయించారు. 1989లో పార్కర్ బృందం రోగుల ప్లేట్‌లెట్లలో మైటోకాండ్రియాకు చెందిన కాంప్లెక్స్-1 ఎంజైము క్రియాశీలత తగ్గినట్లు వెల్లడించింది. మరణించిన రోగుల మెదడులోనూ ఆ లోపాన్ని షాపిరా బృందం అదే సంవత్సరం గుర్తించింది.

ఏ కణాన్ని ఎంచుకున్నామన్నది ఇక్కడ కీలకం. సేకరణ సులభమని ఎర్ర రక్తకణాలతో సరిపెట్టుకోవడం తగదు. వాటిలో మైటోకాండ్రియా ఉండదు. కాంప్లెక్స్-1ను గాని, మాంగనీసు ఆధారిత సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్‌ను గాని వాటిలో కొలవలేము. లభించేది రాగి-జింకు ఆధారిత రూపమే. ప్లేట్‌లెట్లలో మోనోఅమైన్ ఆక్సిడేజ్-బిని కొలవవచ్చు. అయితే సెలెజిలిన్ వాడే రోగిలో ఆ మందే దానిని అణచివేస్తుంది. పొగతాగేవారిలోనూ అది తగ్గుతుంది. ఆ తగ్గుదలను వ్యాధి లక్షణంగా భావించడం పొరపాటు.

విశాఖపట్నంలో మరొక చిక్కు ఉంది. 1933లో ప్రారంభమైన ఓడరేవుకు మాంగనీసు ఖనిజం తొలినాటి ఎగుమతి సరుకు. ఉక్కు తయారీకి నేటికీ ఆ లోహం కావాలి. దాని ధూళిని, పొగలను దీర్ఘకాలం అధికంగా పీల్చినవారిలో పార్కిన్‌సన్స్‌ను పోలిన రుగ్మత కలుగవచ్చు. కాని అందులో ప్రధానంగా దెబ్బతినేది గ్లోబస్ పాలిడస్. లెవోడోపాకు స్పందన సాధారణంగా స్వల్పం. ఈ ఇరువురినీ ఒకే సమూహంగా చేర్చి లెక్కించిన సగటు ఏ ఒక్కరి స్థితినీ తెలుపదు. కనుక వయస్సు, మందులు, పొగాకు అలవాటుతో పాటు వృత్తి చరిత్రనూ నమోదు చేయాలి. రేవులో గాని ఉక్కు కర్మాగారంలో గాని పనిచేసిన రోగిని, అదే పనిచేసిన ఆరోగ్యవంతునితోనే పోల్చాలి.