రెండెకరాలున్నా రాయాల్సిందే వీలునామా

పెళ్లయిన మూడు నెలలకే ఆమె భర్త పాముకాటుతో చనిపోయాడు. అత్తింటివాళ్లు వెళ్లగొడితే పుట్టింటికి చేరింది. తల్లిదండ్రులు చదివించారు, ఉద్యోగం వచ్చింది. 1996లో వీలునామా రాయకుండానే కన్నుమూసింది. ఆమె బ్యాంకు డబ్బు, పీఎఫ్ తనకు రావాలని కన్నతల్లి అడిగితే, 2009లో సుప్రీంకోర్టు కాదంది. వీలునామా రాయని, పిల్లలు లేని హిందూ వితంతువు స్వార్జితం భర్త వారసులకే పోతుందని 1956 నాటి వారసత్వ చట్టం చెబుతోంది. దాంతో సొమ్మంతా ఆమెను చదివించిన ఇంటికి కాకుండా, గెంటేసిన ఇంటి తరఫు వాళ్లకు దక్కింది.

ఈ తీర్పు సిద్దిపేట జిల్లాలో ఎవరికి తెలిసినా తెలియకపోయినా, దుబ్బాక బీడీ కార్మికులకు మాత్రం తెలియాలి. ఏళ్ల తరబడి చాటలో ఆకు, తంబాకు పెట్టుకుని చేసిన కష్టం పీఎఫ్‌గా, చిన్న డిపాజిట్‌గా పోగవుతుంది. ‘మాకేముందని రాయాలె’ అనే మాట వాళ్ల నోట రాకూడదు. 2025 నవంబరులో సుప్రీంకోర్టు కూడా మహిళలంతా వీలునామా రాసుకోవాలని విజ్ఞప్తి చేసింది.

మగవాళ్ల ఆస్తికి లెక్క వేరు. ఒక రైతు తాను కొన్న రెండెకరాలకు వీలునామా రాయకుండా పోతే తల్లి, భార్య, కొడుకు, బిడ్డ నలుగురికీ సమాన వాటా, తలా అర ఎకరం. చివరిదాకా సాకిన బిడ్డకైనా, వికలాంగుడైన కొడుకుకైనా ఒక గుంట కూడా ఎక్కువ రాదు. ఎక్కువ ఇవ్వాలనుకుంటే ఆ మాట కాగితం మీద ఉండాలి.

తాతల భూమి సంగతి ఇంకొకటి. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణతో 1985 సెప్టెంబరు 5 నుంచే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, అప్పటికి పెళ్లికాని ఆడబిడ్డలకు పిత్రార్జితంలో కొడుకులతో సమాన హక్కు వచ్చింది. 2005లో కేంద్ర చట్టం పెళ్లయినవాళ్లకూ ఇచ్చింది. కట్నం పెట్టాం కదా అన్న వాదన చట్టం ముందు నిలవదు. పిత్రార్జితంలో తండ్రి వీలునామా రాయగలిగేది తన వాటాకే.

కలిసి దున్నుకున్నన్నాళ్లు వాటాల మాట ఎవరూ ఎత్తరు. మల్లన్నసాగర్ జలాశయం కింద వేములఘాట్, పల్లెపహాడ్ వంటి ఊళ్లు మునిగి భూమి డబ్బుగా మారినప్పుడు ఎవరి వాటా ఎంతన్నది తేలక తప్పని స్థితి వచ్చింది. గజ్వేల్ మీదుగా వెళ్లే ప్రాంతీయ రింగు రోడ్డు దారిలోని రైతులకు ఇప్పుడు అదే ప్రశ్న.

మరి రాయడం ఎంత పని? తెల్లకాగితం చాలు, స్టాంపు అక్కర్లేదు. సర్వే నంబరు, విస్తీర్ణం, ఎవరికి ఎంత అన్నది విడమరిచి రాసి, ఇద్దరు సాక్షుల ముందు సంతకమో వేలిముద్రో వేయాలి. ఆ ఇద్దరూ రాసినవారి ఎదుటే సంతకం చేయాలి. వాటా పొందేవారిని సాక్షిగా పెట్టకపోవడం మంచిది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేయిస్తే తర్వాత గొడవలు తగ్గుతాయి. మనసు మారితే ఎన్నిసార్లైనా తిరగరాయొచ్చు, చివరిదే చెల్లుతుంది. ముస్లింలు మాత్రం సాధారణంగా ఆస్తిలో మూడో వంతుకే వీలునామా రాయగలరు.

బ్యాంకులో నామినీ పేరు రాశాం కదా అని ఊరుకునేవాళ్లే ఎక్కువ. డిపాజిట్‌కు నామినీ ఆ డబ్బు అందుకునేవాడు మాత్రమే, వారసుల హక్కు అలాగే ఉంటుంది.

బతికుండగానే పిల్లల పేరిట గిఫ్టు డీడు చేసే తల్లిదండ్రులు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. వీలునామా కన్నుమూశాకే అమలవుతుంది, గిఫ్టు డీడుతో ఆస్తి అప్పుడే చేతులు మారుతుంది. ‘మమ్మల్ని చూసుకోవాలి’ అన్న షరతు అందులో రాయించాలి. అప్పుడు పిల్లలు పట్టించుకోకపోతే, 2007 నాటి వృద్ధుల పోషణ చట్టం కింద ఆర్డీవో ట్రిబ్యునల్‌కు వెళ్లి ఆ డీడును రద్దు చేయించుకోవచ్చు.

భూమి రికార్డుల కోసం భూభారతి చట్టం వచ్చాక, భూమిని వారసుల పేరిట మార్చే విరాసత్ దరఖాస్తుపై తహసీల్దారు వారసులకు నోటీసులిచ్చి విచారణ జరుపుతారు. అప్పుడు వీలునామా చూపించాలంటే అది ఎక్కడుందో ఇంట్లో ఒక్కరికైనా తెలిసి ఉండాలి. పాసుపుస్తకం, బ్యాంకు పుస్తకాలు, బీమా కాగితాలు కూడా వీలునామాతో పాటు ఒకే సంచిలో పెట్టుకుంటే వెతుకులాట ఉండదు.