నల్ల జీలకర్ర: ప్రజాతి లక్షణాలు, నామసంకరం

తెలుగునాట నల్ల జీలకర్రగా వ్యవహరించే గింజకు జీలకర్రతో వృక్షశాస్త్రపరమైన బంధుత్వం లేదు. జీలకర్ర ధనియాలు, వాము చేరే ఏపియేసీ కుటుంబానికి చెందినది. నల్ల జీలకర్ర, అనగా నైజెల్లా సటైవా, వత్సనాభి చేరిన రనన్‌క్యులేసీ కుటుంబానిది. వంటింట్లో జీలకర్ర గింజ అనుకునేది నిజానికి ఫలం. నల్ల జీలకర్ర మాత్రం అసలైన విత్తనం.

1753లో లిన్నేయస్ నామకరణం చేసిన నైజెల్లా ప్రజాతిలోనివన్నీ ఏకవార్షికాలే. మధ్యధరా ప్రాంతం, పశ్చిమాసియా వీటి సహజ ఆవాసాలు. పుష్పంలో రంగుతో ఆకర్షించేవి ఐదు రక్షకపత్రాలు; ఆకర్షణపత్రాలు కుంచించుకుపోయి రెండు పెదవుల మకరంద గ్రంథులుగా మారాయి. అంతకన్నా గమనార్హమైనది అండకోశం. ఈ కుటుంబంలో ఫలదళాలు సాధారణంగా విడివిడిగా ఉంటాయి. నైజెల్లాలో అవి వివిధ స్థాయుల్లో సంయుక్తమవుతాయి. సటైవా జాతిలో దాదాపు పూర్తిగా కలిసి, ఎండినప్పుడు పైభాగాన విచ్చుకునే గుళికగా ఏర్పడతాయి. ఇటువంటి కాయను నూర్చడానికి బండి చక్రం అక్కరలేదు, కర్ర దెబ్బ చాలు. బైబిలులోని యెషయా గ్రంథం 28వ అధ్యాయం వర్ణించిన నూర్పిడి సరిగ్గా ఇదే. అక్కడి హీబ్రూ పదం 'కెత్సహ్' నైజెల్లాయేనని పండితులు సాధారణంగా అంగీకరిస్తారు. తెలుగు అనువాదంలోనూ అది నల్ల జీలకర్రే.

చిక్కంతా పేరుతోనే. హైదరాబాదీ బిర్యానీలో పడే షాజీరాను హిందీ ప్రాంతాల్లో 'కాలా జీరా' అంటారు. దానిని తెలుగులోకి మార్చితే మళ్లీ నల్ల జీలకర్రే అవుతుంది! కాని షాజీరా ఏపియేసీకి చెందిన దుంపగల బహువార్షికం. అడవి జీలకర్ర మరొకటి. అది చేమంతి కుటుంబానిది. భావప్రకాశం జీరకం, కృష్ణజీరకం, కాలాజాజీ అని మూడింటిని వేరుగా పేర్కొన్నది. ఉపకుంచిక అనే పర్యాయపదమున్న మూడవదానిని నైజెల్లాగా గుర్తిస్తారు. కృష్ణజీరకాన్ని మాటకు మాటగా అనువదించినవారు ఆ భేదాన్ని చెరిపివేసినట్లే.

ఇది కేవలం నిఘంటుకారుల తగవు కాదు. నైజెల్లా సటైవా బాష్పశీల తైలంలో థైమోక్వినోన్ ముఖ్య ఘటకం. షాజీరా తైలంలో క్యుమినాల్డిహైడ్, గామా టెర్పినీన్ ప్రధానం. 'నల్ల జీలకర్ర సారం' అని మాత్రమే రాసిన ప్రయోగ ఫలితాన్ని మరొక ఫలితంతో పోల్చడం నిరర్థకం.

షాజీరాను వేరుచేయడం కష్టమేమీ కాదు. అది సన్నగా, వంపుగా, నిలువు చారలతో ఉంటుంది. నైజెల్లా విత్తనం మూడు పలకలతో, ముడతలతో, కాంతిహీనమైన నలుపులో ఉంటుంది. ప్రజాతి లోపలి భేదమే కఠినం. నైజెల్లా డమస్సీనా విత్తనాలు కూడా నల్లనివే, ముడతలుపడినవే. పుష్పం కింద దారాల్లా చీలిన పత్రపుచ్ఛావళి, ఉబ్బిన గుళిక ఆ జాతిని పట్టిస్తాయి. సటైవాలో ఆ పుచ్ఛావళి ఉండదు. అంగడిలో కొన్న గింజల్లో ఈ ఆనవాళ్లేవీ మిగలవు గనుక, ఆ గింజలనే కొన్నింటిని శీతకాలంలో విత్తి, పుష్పఫలాలతో కూడిన నమూనాను హెర్బేరియంలో భద్రపరచి, దాని సంఖ్యను పరిశోధన పత్రంలో పేర్కొనవలసి ఉంటుంది.